పిల్లలు అడిగేది పూర్తిగా వినడం: లైబ్రేరియన్ల శిక్షణపై ఒక కేస్ స్టడీ

పిల్లల విభాగంలో, టీనేజర్ల విభాగంలో పనిచేసే లైబ్రేరియన్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది ఒక మధ్యస్థాయి పబ్లిక్ లైబ్రరీ వ్యవస్థ గురించి. ఒక కేంద్ర లైబ్రరీ, దాని కింద కొన్ని శాఖలు, పిల్లలతో పనిచేసే సిబ్బంది ఒక చిన్న బృందం. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. వాళ్లు మొదట అడిగింది రెండు రోజుల వర్క్‌షాప్. చివరికి దాదాపు ఏడాది పాటు సాగే శిక్షణకు ఒప్పుకున్నారు. ఆ ఏడాదిలో ఏం చేశాం, ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఈ పనిలో ఉన్న మిగతావాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అంతకుముందు కూడా అక్కడ వర్క్‌షాప్ జరిగింది. వచ్చినవాళ్లందరూ బాగుందనే రాసిచ్చారు. స్లైడ్లు దాచుకున్నారు, కొత్త కథల పుస్తకాల జాబితాలు తీసుకెళ్లారు. కొన్ని నెలలు తిరిగేసరికి కౌంటర్ దగ్గర పని మళ్లీ ఎప్పటిలాగే సాగుతోంది. ఇందులో సిబ్బంది బద్ధకం ఏమీ లేదు. ఉపాధ్యాయ శిక్షణ మీద బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలో చేసిన పని దీనికి కారణం చెబుతుంది. సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, శిక్షణ గదిలో సాధన చేయించినా ఆ నైపుణ్యం తరగతి గదిలోకి చేరేది తక్కువ. పని జరిగే చోటే తోటివారు చూసి, దాని గురించి మాట్లాడి, మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు ఉంటే అది అలవాటుగా మారుతుంది. లైబ్రరీలోనూ అంతే. యాజమాన్యాన్ని ఒప్పించింది కూడా ఈ ఒక్క వాదనే. మరో వర్క్‌షాప్‌కు పెట్టే డబ్బు వృథా అవుతుందని సూటిగా చెప్పాను.

ఏం నేర్పాలో తేల్చుకోవడానికి ముందు కొన్ని వారాలు శాఖల్లో కూర్చుని చూశాను. పిల్లల లైబ్రేరియన్‌కు తెలియాల్సిన విషయాలకు జాబితాల కొరత లేదు. లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఇఫ్లా 2018లో విడుదల చేసిన మార్గదర్శకాలు పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల సేవలకు కావాల్సిన సామర్థ్యాలను చెబుతాయి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో టీనేజర్ల సేవల విభాగమైన యాల్సా 2017లో పది విషయాలతో ఒక సామర్థ్యాల పత్రం తెచ్చింది. రెండూ మంచివే. కానీ ఆ జాబితాలను యథాతథంగా సిలబస్‌గా మార్చేస్తే అన్నీ తలా కొంచెం ముట్టుకుని వదిలేయాల్సి వస్తుంది. శాఖల్లో కూర్చున్నప్పుడు నాకు పదేపదే కనిపించింది ఒకటే. పిల్ల నోరు తెరిచి మొదటి మాట అనగానే లైబ్రేరియన్ కుర్చీలోంచి లేచేవారు. సాయం చేయాలన్న తొందర అది, మంచి మనసుతో వచ్చినదే. కానీ పిల్లలు తమకు కావాల్సింది మొదటి మాటలో చెప్పరు.

శిక్షణ మొత్తాన్ని ఆ క్షణం చుట్టూ కట్టాం. కథ చెబుతున్నప్పుడు, కౌంటర్ దగ్గర, టీనేజర్లతో మాట్లాడుతున్నప్పుడు, మూడు చోట్లా అడగడం, ఆగడం, పూర్తిగా వినడం. పుస్తకాల ఎంపిక, కార్యక్రమాల ప్రణాళిక లాంటివి ఆ తర్వాత, అవసరమైన మేరకే పెట్టుకున్నాం.

కౌంటర్ దగ్గర

ఈ భాగానికే ఎక్కువ సమయం ఇచ్చాం. నా దృష్టిలో పిల్లల లైబ్రేరియన్ పనిలో అతి కష్టమైనది, అతి తక్కువగా నేర్పేది ఇదే.

ఒక శాఖలో చూసిన సంఘటనను అందరికీ ఉదాహరణగా వాడాను. తొమ్మిదేళ్ల అబ్బాయి వచ్చి "సార్, ఎడారి పుస్తకం ఉందా?" అన్నాడు. లైబ్రేరియన్ వెంటనే భూగోళం అరల దగ్గరికి తీసుకెళ్లి ఎడారుల మీద బొమ్మలతో ఉన్న మంచి పుస్తకం చేతిలో పెట్టారు. అబ్బాయి పేజీలు తిప్పి, థాంక్స్ చెప్పి, పుస్తకం బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాళ్ల అమ్మ వచ్చి చెప్పిన దాన్నిబట్టి అసలు సంగతి తెలిసింది. నీళ్లు లేకుండా ఒక జంతువు ఎలా బతుకుతుందో రాసుకు రమ్మని టీచర్ చెప్పారు. పిల్లవాడి తలలో అది "ఎడారి"గా మిగిలింది.

మెలిస్సా గ్రాస్ 1995లో ఇలాంటి ప్రశ్నలను ఒక ప్రత్యేక రకంగా గుర్తించారు. అడుగుతున్నది ఒకరు, ఆ ప్రశ్న పుట్టింది మరొకరి దగ్గర. స్కూలు పని మీద లైబ్రరీకి వచ్చే పిల్లల ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే. ప్రశ్న తనది కాదు కాబట్టి దాన్ని వివరించడం పిల్లవాడికి కష్టం. టీచర్ వాడిన మాట గుర్తుండదు, ఎంత రాయాలో తెలియదు, ఎందుకు రాయాలో అసలే తెలియదు. ఈ సంగతి తెలిసిన లైబ్రేరియన్ ముందు "ఇది స్కూలు పనా, నీ కోసమా?" అని అడుగుతారు. స్కూలు పని అయితే "టీచర్ రాయించిన కాగితం ఉందా? ఉంటే ఇద్దరం చూద్దాం" అంటారు. తన కోసమైతే సంభాషణ పూర్తిగా వేరే దారిలో వెళ్తుంది.

రెండో ఆధారం బ్రెండా డెర్విన్, పాట్రీషియా డ్యూడ్నీ 1986లో ప్రతిపాదించిన తటస్థ ప్రశ్నల పద్ధతి. ఏ పుస్తకం కావాలని అడగడం కాకుండా ఆ మనిషి ఏ పరిస్థితిలో ఉన్నాడు, ఎక్కడ ఆగిపోయాడు, దొరికిన దాంతో ఏం చేయాలనుకుంటున్నాడు అని తెలుసుకోవడం ఇందులో ముఖ్యం. పెద్దవాళ్ల కోసం తయారైన ఈ ప్రశ్నలను పిల్లల భాషలోకి తేవడం మా బృందం పని. "ఇప్పటిదాకా ఏం చూశావు?", "అందులో ఏది దొరకలేదు?", "ఇది దొరికాక ఏం చేస్తావు?" అనేవి చివరికి మిగిలిన ప్రశ్నలు. "ఎందుకు?" అన్న మాట వద్దనుకున్నాం. కౌంటర్ అవతల నిలబడిన పెద్దమనిషి "ఎందుకు కావాలి?" అంటే పిల్లలకు అది నిలదీసినట్టే వినిపిస్తుంది, ఎంత మెత్తగా అడిగినా సరే.

తర్వాతది ఆగడం. మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని చూపించారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, వాళ్లు తమంతట తాము మాట్లాడడం పెరిగింది. మూడు సెకన్లంటే వినడానికి ఏమీ కాదు. కౌంటర్ వెనక నిలబడి, ముందు ఇంకో ఇద్దరు వేచి ఉండగా, ఒక పిల్ల నేల చూస్తూ మాటలు వెతుక్కుంటుంటే మాట్లాడకుండా ఉండడం చాలా కష్టం. ముగ్గురు ముగ్గురుగా రోల్‌ప్లేలు చేయించాం. ఒకరు పిల్ల, ఒకరు లైబ్రేరియన్, మూడోవారు వాచీ చూస్తూ మౌనాన్ని మాత్రమే నోట్ చేస్తారు. మొదటిసారి దాదాపు ప్రతి ఒక్కరూ చాలాసేపు ఆగామనే అనుకున్నారు. మూడోవారి కాగితం చూస్తే సెకను దాటలేదు.

ఇక్కడే ఒక సీనియర్ లైబ్రేరియన్, గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ సూత్రాలను చూపి గట్టి అభ్యంతరం చెప్పారు. "పాఠకుడి సమయం ఆదా చేయమన్నది రంగనాథన్ నాలుగో సూత్రం. మీరు ఆగమంటున్నారు. నేను తొందరగా ఇచ్చి పంపిస్తే అది సేవ కాదా?" ఆ చర్చ గంటకు పైగా సాగింది. ఏడాది మొత్తంలో అంత మంచి చర్చ మరొకటి జరగలేదు. ఎడారి పుస్తకం ఇచ్చి పంపిన అబ్బాయి మళ్లీ రావాల్సి వచ్చింది, వాళ్ల అమ్మ కూడా రావాల్సి వచ్చింది. ఆదా అయింది కౌంటర్ సమయం, పాఠకుడిది కాదు. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలంటుంది. అడిగిన మొదటి మాటకే పుస్తకం ఇచ్చేస్తే ఆ "తన" అన్నది దొరకదు. ఆ సీనియర్ గారు పూర్తిగా ఒప్పుకోలేదు. రద్దీ గంటల్లో ఇది సాధ్యం కాదన్నారు, అందులో నిజం ఉంది. దానికి మేం చేసిందేమిటంటే, స్కూలు వదిలాక వచ్చే రద్దీ సమయంలో కౌంటర్ బయట అరల మధ్య ఒకరు తిరుగుతూ ఉండడం. పక్కన నిలబడి మాట్లాడే పెద్దవాళ్లతో పిల్లలు తేలిగ్గా మాట్లాడతారు. ఈ సూచన ఆయనే ఇచ్చారు.

కథల సమయం

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అన్ని శాఖల్లోనూ వారానికోసారి కథ చదివేవారు. చదవడం బాగానే ఉండేది. గొంతు మార్చేవారు, బొమ్మలు చూపించేవారు. కానీ కథ అయ్యాక "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగి, ఒకరిద్దరు పిల్లలు చెప్పగానే ముగించేవారు. మిగతా పిల్లలకు మాట్లాడే అవకాశమే లేదు.

గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చిన సంభాషణాత్మక పఠనాన్ని ఇక్కడ వాడాం. పెద్దవాళ్లు చదువుతుంటే పిల్లలు వినడం కాకుండా, పెద్దవాళ్ల ప్రశ్నల సాయంతో పిల్లలే కథ చెప్పేలా చేయడం దీని ఉద్దేశం. వాక్యం సగంలో ఆపి పూర్తి చేయించడం, జరిగింది గుర్తు చేయించడం, బొమ్మ చూపించి ఏం జరుగుతోందని అడగడం, ఎవరు ఎక్కడ అన్న చిన్న ప్రశ్నలు, కథను పిల్ల సొంత అనుభవంతో కలపడం అని ప్రశ్నలు ఐదు రకాలు. మా లైబ్రేరియన్లు అడిగేవి దాదాపు అన్నీ గుర్తు చేయించే ప్రశ్నలే, అంటే పరీక్షలాంటివి. పిల్ల చెప్పిన దానికి ఇంకో మాట చేర్చి తిరిగి అనడం అనే అలవాటు అసలు లేదు. "కుక్క!" అని పిల్ల అంటే "అవును, తడిసిపోయిన కుక్క, చూడు ఎలా వణుకుతోందో" అనడమే ఆ పని. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పిల్లల భాష పెరిగేది ఇలాంటి చోటే.

ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచకూడదు. ఈ పద్ధతి ఒక పిల్లతోనో చిన్న గుంపుతోనో బాగా సాగుతుంది. పెద్ద గుంపులో ప్రతి పేజీకీ ప్రశ్న అడిగితే కథ చచ్చిపోతుంది. పుస్తకానికి రెండు మూడు చోట్లే ఆగాలని, ఆ పేజీల మీద ముందే చిన్న చీటీ అంటించి ప్రశ్న రాసుకోవాలని నిర్ణయించుకున్నాం. ఆ చీటీల వల్ల ఇంకో లాభం కలిగింది. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు అదే పుస్తకం తీసుకుని అదే విధంగా చదవగలిగారు.

పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రుల కోసం 2011లో సవరించిన, అమెరికా లైబ్రరీల ఎవ్రీ చైల్డ్ రెడీ టు రీడ్ కార్యక్రమంలోని ఐదు పనులను ఆధారం చేసుకున్నాం. మాట్లాడడం, పాడడం, చదవడం, రాయడం, ఆడడం. వారానికి ఒక్కటి, ఒకే ఒక్క వాక్యంలో చెప్పాలన్నది నియమం. ఉపన్యాసం మొదలైతే తల్లిదండ్రుల చూపు ఫోన్ మీదికి వెళ్లిపోతుంది.

టీనేజర్లు

పిల్లల విభాగంలో హాయిగా పనిచేసే చాలామంది టీనేజర్ల దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోతారు. "వాళ్లు చదవడానికి రారు, ఏసీ కోసం, ఛార్జింగ్ కోసం వస్తారు" అన్నది శాఖల్లో తరచుగా విన్న మాట. వాళ్లు వస్తున్నారు కదా, నాకు అదే ముఖ్యం. వచ్చిన పిల్లవాడు లోపల ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతే అప్పుడు బాధపడాలి.

ముందుగా రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన భాగస్వామ్య నిచ్చెనను పరిచయం చేశాను. ఎనిమిది మెట్లు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంటాడు హార్ట్. పిల్లల్ని పావులుగా వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం. ప్రతి శాఖా తాము టీనేజర్ల కోసం చేసిన కార్యక్రమాలను ఆ మెట్ల మీద పెట్టాలి. చర్చ బాగా వేడెక్కింది. ఒక శాఖలో టీనేజర్ల సలహా బృందం చాలాకాలంగా ఉంది. ఆ బృందాన్ని అడిగిందల్లా పోస్టర్ రంగు, పోటీలో బహుమతి ఏమివ్వాలి అన్నవే. దాన్ని ఏ మెట్టు మీద పెట్టాలన్న దానిపై ఆ శాఖవాళ్లే ఇద్దరుగా చీలిపోయారు.

దాంతో ఒక నిజమైన నిర్ణయం వాళ్ల చేతికివ్వాలని పట్టుబట్టాను. టీనేజ్ అరలకు కొనే పుస్తకాల బడ్జెట్‌లో ఒక భాగం. హద్దులు ముందే చెప్పాలన్నది షరతు. ఎంత డబ్బుంది, ఏవి కొనకూడదు, ఎప్పటిలోగా చెప్పాలి. హద్దులు దాచి తర్వాత "ఇది కుదరదు" అంటే ఆ పిల్లలు మళ్లీ మన మాట నమ్మరు. వచ్చిన జాబితాలో బొమ్మల నవలలు, పరీక్షల గైడ్లు ఎక్కువ. గైడ్లు చూసి లైబ్రేరియన్లు నిరాశపడ్డారు, సాహిత్యం అడుగుతారని అనుకున్నారు. నాకు నిరాశ కలగలేదు. పరీక్షల టెన్షన్ వాళ్ల జీవితంలో ఎంత పెద్దదో ఆ జాబితాయే చెప్పింది. పుస్తకాలతో పాటు వాళ్లు ఇంకోటి కూడా అడిగారు. తమ బల్లను కౌంటర్‌కు ఎదురుగా కాకుండా పక్కకు జరపమని. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, కానీ కళ్లప్పగించి చూడకూడదు. బల్ల జరిగింది.

అల్లరి గురించి కొంచెం ఎక్కువే మాట్లాడాల్సి వచ్చింది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో చేసిన ప్రయోగంలో ఒంటరిగా ఉన్నప్పటి కంటే తోటివాళ్లు చూస్తున్నప్పుడు టీనేజర్లు వీడియో డ్రైవింగ్ ఆటలో ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్లలో ఆ తేడా అంతగా లేదు. దీని నుంచి మేం తీసుకున్న పాఠం ఒకటే. ఒక కుర్రాణ్ని స్నేహితుల ముందు పేరు పెట్టి మందలించకూడదు. అలా చేస్తే వెనక్కి తగ్గే దారి మూసేసినట్టు. దగ్గరికి వెళ్లి, ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, గొంతు తగ్గించి, రెండు అవకాశాలు ఇచ్చి, అక్కడి నుంచి కదిలిపోవాలి. ఆ కదిలిపోవడం చాలామంది చేయలేకపోయారు. మాట నెగ్గిందా లేదా అని అక్కడే నిలబడి చూసేవారు. ఈ ఒక్కదాన్నీ రోల్‌ప్లేల్లో మళ్లీ మళ్లీ చేయించాం.

ఇంకో విషయంలో చర్చకు చోటివ్వలేదు, నియమంగానే చెప్పాను. ఒక పిల్లో పిల్లవాడో తనకు ఇంట్లోనో బయటో హాని జరుగుతోందని చెబితే లైబ్రేరియన్ వినాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. గుచ్చి గుచ్చి అడగకూడదు. వాళ్లు వాడిన మాటల్లోనే రాసి, సంస్థలో ఆ బాధ్యత ఉన్న వ్యక్తికి అదే రోజు అందించాలి. మేం మొదలుపెట్టినప్పుడు అలాంటి బాధ్యుడు ఎవరో సగం శాఖలకు తెలియదు. శిక్షణ ఆపి, ముందు ఆ పేరు, ఫోన్ నంబరు ప్రతి కౌంటర్ దగ్గరా పెట్టించాం. అలాగే టీనేజర్లు తీసుకునే పుస్తకాల పేర్లు కౌంటర్ దగ్గర గట్టిగా చదవడం మానేయమన్నాం. ఆరోగ్యం, శరీరం గురించిన పుస్తకం తీసుకునే అమ్మాయి వెనక క్లాస్‌మేట్ నిలబడి ఉండొచ్చు.

శాఖల్లో సాధన

గదిలో నేర్చుకున్నది నిలబెట్టడానికి జంటల పద్ధతి పెట్టాం. రెండు వారాలకోసారి ఒకరు ఇంకొకరి పనిని అరగంట చూస్తారు. కాగితం మీద మూడు నిలువు గళ్లు. పిల్ల ఏమంది, లైబ్రేరియన్ ఏమన్నారు, మధ్యలో ఎంతసేపు ఆగారు. బాగుంది, బాగాలేదు అని రాయకూడదు. ఆ రోజే కూర్చుని ఇద్దరూ మాట్లాడుకుంటారు. వీడియో తీయాలన్న ప్రతిపాదన వచ్చింది కానీ పిల్లల గోప్యత కోసం వద్దన్నాను. పైఅధికారులను జంటల్లోకి రానివ్వలేదు. అధికారి చూస్తే అది నేర్చుకోవడం కాదు, మార్కులు వేయించుకోవడం అవుతుంది.

అసలు ఖర్చు ఇక్కడే పడింది. జంటలకు సమయం ఇవ్వాలంటే డ్యూటీ చార్టు మార్చాలి. రెండు శాఖల్లో అది సాఫీగా కుదిరింది. ఒక్క లైబ్రేరియనే ఉన్న చిన్న శాఖకు జంట దొరకలేదు. అక్కడి ఆమె తన సంభాషణలను తానే గుర్తున్నంత వరకు రాసుకుని, ఇంకో శాఖలోని సహోద్యోగితో ఫోన్‌లో మాట్లాడేవారు. అది పూర్తి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే మౌనం ఎంతసేపో మనకు మనం కొలుచుకోలేం. అయినా ఆమె రాసిన కాగితాలు అందరికంటే వివరంగా ఉండేవి.

ఏం మారింది

పుస్తకాల ఇష్యూ లెక్కలతో ఈ శిక్షణను కొలవలేదు. ఆ లెక్కలు సెలవులు, పరీక్షలు, కొత్త పుస్తకాల రాకతో పెరిగి తగ్గుతుంటాయి. మేం చూసింది పరిశీలన కాగితాలను. మొదటి నెలల కాగితాల్లో పిల్లల గడిలో ఒకటి రెండు మాటలే. చివరి నెలల్లో పిల్లలు వాక్యాలు మాట్లాడుతున్నారు, తిరిగి ప్రశ్నలు వేస్తున్నారు. లైబ్రేరియన్ గడి చిన్నదైంది. యాల్సా పత్రంలోని మూడు స్థాయులను, అంటే నేర్చుకుంటున్న దశ, ఆచరిస్తున్న దశ, ఇతరులను మార్చగల దశ, ఎవరికి వారు అంచనా వేసుకోవడానికి వాడాం. విచిత్రంగా చాలామంది ఏడాది మధ్యలో తమ స్థాయిని తగ్గించుకున్నారు. నేను దీన్ని మంచి సూచనగానే తీసుకున్నాను. తమ పనిని దగ్గరగా చూడడం మొదలైంది.

నిలవనివి కూడా ఉన్నాయి. పెద్ద గుంపుల కథల సమయంలో కొందరు మళ్లీ గబగబా చదివేయడానికి వెళ్లిపోయారు. ఒక శాఖలో శిక్షణ పొందిన ఇద్దరూ బదిలీ అయ్యారు, వాళ్లతో పాటే ఆ అలవాటూ వెళ్లిపోయింది. దీనికి పరిష్కారంగా కొత్తగా చేరినవాళ్లు మొదటి వారాల్లో కౌంటర్‌లో కూర్చోకుండా పరిశీలన కాగితం పట్టుకుని ఇతరులను చూడాలని వ్యవస్థ ఒక నియమం చేసింది. టీనేజర్ల పుస్తకాల బడ్జెట్ రెండో ఏడాదికి కూడా కొనసాగింది. అయితే ఏ శాఖ టీనేజర్లు ఎంత నిర్ణయించాలన్న దానిపై ఇంకా ఏకాభిప్రాయం లేదు.

తర్వాతి బ్యాచ్‌లో శిక్షణ లైబ్రేరియన్లతో ఆగదు. కాగితాలు తిరగేస్తుంటే తేలిన విషయం, చాలా శాఖల్లో పిల్లలు మొదటి ప్రశ్న అడిగేది లైబ్రేరియన్‌ను కాదు. గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ గార్డును, పుస్తకాలు అరల్లో సర్దే సహాయకుడిని. టీనేజర్లకైతే లోపలికి వచ్చే ముందు ఎదురయ్యే మొదటి పెద్దమనిషి ఆ గార్డే. వాళ్లకు వర్క్‌షాప్ అంటే డ్యూటీ దాటి ఉండాల్సిన భారం కాబట్టి, శిక్షణను పని గంటల్లోనే, జీతం కోత లేకుండా పెట్టాలని యాజమాన్యంతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాం. రోల్‌ప్లేలను శాఖల నుంచి వచ్చిన పరిశీలన కాగితాల్లోంచే తయారుచేస్తున్నాం. ఆ పనికి ముందుకొచ్చినవారిలో రంగనాథన్ నాలుగో సూత్రం గురించి వాదించిన సీనియర్ గారు కూడా ఉన్నారు.